ఇరవై పేర్లు, ఒకటే నెత్తురు

మా మేనకోడలు ఈ మధ్యే ఒక ఆస్పత్రి ల్యాబులో ఉద్యోగంలో చేరింది. మూడు వారాలు తిరక్కుండానే ఫోను చేసి ఒకటే గోల. పక్క బల్ల దగ్గర పనిచేసే ఆయన పదకొండింటికి గానీ రాడట. వచ్చినా సెల్‌ఫోనులోంచి తల ఎత్తడట. ఆయన చెయ్యాల్సిన పరీక్షలు కూడా ఈ పిల్లే చేస్తోందట. "నువ్వు ముప్పై ఏళ్ళు ఇదే పని సేసినావు గదా మావయ్యా, ఇలాటోళ్ళతోటి ఎలగ నెగ్గుకొచ్చినావు?" అని అడిగింది.

"సర్దుకుపోవాలమ్మా" అనబోయి ఆగిపోయాను. నేను ఎలా సర్దుకుపోయానో, దానివల్ల ఏం జరిగిందో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఫోనులో చెప్పే సంగతి కాదు కాబట్టి కూర్చుని రాస్తున్నాను. కొత్తగా ఉద్యోగాల్లో చేరినవాళ్ళు ఎవరు చదివినా మంచిదే. నన్ను మెచ్చుకోవడానికి మాత్రం ఇందులో ఏమీ లేదు.

నేను ల్యాబు టెక్నీషియన్ని. మాది చీపురుపల్లి దగ్గర పల్లెటూరు, వ్యవసాయం ఇల్లు. ఉద్యోగం మాత్రం ఎక్కువ కాలం సాలూరు దాటాక కొండల అడుగున ఉన్న ఒక ఆరోగ్య కేంద్రంలో చేశాను. అక్కడ నా పనంతా మలేరియాతోనే. హెల్త్ అసిస్టెంట్లు కొండలెక్కి గూడేలు తిరగాలి. జ్వరం ఉన్నవాళ్ళ వేలు గుచ్చి, గాజు పలక మీద నెత్తుటి చుక్క తీసి, దాని మీద పేరూ ఊరూ రాసి నాకు తేవాలి. ఆ పలకనే మేం స్లైడు అనేవాళ్ళం. నేను దానికి రంగు వేసి, మైక్రోస్కోపు కింద పెట్టి, మలేరియా పురుగు ఉందో లేదో చూసి రిజిస్టర్లో రాయాలి. ఉందంటే మందు ఇస్తారు, లేదంటే లేదు. ఇప్పుడు పావుగంటలో తేల్చేసే కిట్లు వచ్చాయి. అప్పట్లో ఒక మనిషికి మందు అందాలంటే ముందు నా కన్ను చూడాలి.

నాకు పని మీద గర్వం ఉండేది, దాచుకోను. సమయానికి వచ్చేవాణ్ణి. స్లైడ్లకి రంగు వేసిన రోజే ఆ కాగితం పొట్లం మీద పెన్సిలుతో తేదీ వేసేవాణ్ణి. ఎవరూ చెయ్యమనలేదు, అది నా అలవాటు. ఆ తేదీ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది.

మా దగ్గర ఒక హెల్త్ అసిస్టెంటు ఉండేవాడు. సముద్రం ఒడ్డు మనిషి, శ్రీకాకుళం వైపు చేపల వేటకెళ్ళే కుటుంబం. నాకంటే మూడు నాలుగేళ్ళు చిన్న. చుట్టరికం ఏమీ లేకపోయినా చేరిన రోజునుంచే నన్ను "బావా" అని పిలిచేవాడు. మనిషి మంచివాడే. నవ్విస్తాడు, ఎవరి ఇంట్లో ఏ కష్టం వచ్చినా ముందు అతనే ఉంటాడు. పని ఒక్కటే పడదు. సాలూరులో గది తీసుకుని భార్యతో ఉండేవాడు. పొద్దున్న బ్యాగు తగిలించుకుని కొండల వైపు బయల్దేరినట్టే బయల్దేరి, లారీలకు బాడీలు కట్టే షెడ్డులో తేలేవాడు. అక్కడ డ్రైవర్లతో కబుర్లు, టీలు. ఇంకో సంగతి, అతనికి తుమ్ములు. దుమ్ము పడదు, చలి పడదు. వరసగా పదీ పదిహేనూ తుమ్మి కళ్ళు తుడుచుకుంటూ నవ్వేవాడు.

"కొండెక్కవేటిరా?" అంటే అతని సమాధానం ఎప్పుడూ ఒకటే.

"సంద్రం మీదకి రమ్మను బావా, ఇప్పుడే వస్తాను. తెప్ప మీద రెండ్రోజులు కూకోమన్నా కూకుంటాను. ఈ కొండెక్కితే మాత్రం మోకాళ్ళు వణుకుతన్నాయి. మా తాతల కాడ్నుంచి ఎవులూ కొండెక్కినోళ్ళు లేరు."

అయినా అతని స్లైడ్లు తప్పకుండా వచ్చేవి. వారానికి ఇరవై చొప్పున, చక్కగా, వరసగా. మిగతావాళ్ళవి ఒకటి చిక్కగా, ఒకటి పల్చగా, ఒకటి మట్టి అంటుకుని ఉండేవి. ఇతనివి మాత్రం ఒకే కొలతన బొట్లు పెట్టినట్టు ఉండేవి. మొదట్లో పనిమంతుడే అనుకున్నాను.

ఒక వానాకాలం మధ్యాహ్నం మైక్రోస్కోపు కింద నాకు అసలు సంగతి కనిపించింది. మన నెత్తుట్లో తెల్లకణాలు కొన్ని రకాలుంటాయి. వాటిలో ఒక రకం రంగు వేస్తే నారింజ రంగు గింజలు కూరినట్టు కనిపిస్తుంది. తుమ్ములు, ఉబ్బసం ఉన్నవాళ్ళలో అవి ఎక్కువ. కడుపులో పురుగులున్నవాళ్ళలోనూ ఉంటాయి. కానీ ఆరేళ్ళ పిల్లలోనూ, అరవై ఏళ్ళ ముసలాయనలోనూ, వేరే గూడెం బాలింతలోనూ ఒకే లెక్కన ఉండవు. ఇరవై స్లైడ్లలోనూ అదే నెత్తురు. కొండ మనుషుల నెత్తురు చాలామందికి పల్చగా, రంగు తక్కువగా ఉంటుంది. ఇది సుబ్బరంగా చేపా అన్నం తిని పెరిగిన నెత్తురు. పేర్లు ఇరవై, మనిషి ఒకడే.

మర్నాడు అతను నాకు టీ గ్లాసు అందిస్తుంటే ఎడమచేతి వేళ్ళు చూశాను. కొనల నిండా సూది పోట్లు. పని తప్పించుకోవడం కోసం సొంత నెత్తురు ధారపోసిన మనిషిని నా సర్వీసులో ఇంకెవరినీ చూడలేదు. ఆ రోజు నాకు నవ్వే వచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. అతనితోనూ అనలేదు. ఇలా ఒక వారం కాదు, ఒక నెల కాదు, మూడేళ్ళు.

అప్పుడొక కొత్త డాక్టరమ్మ వచ్చారు. చిన్న వయసు, చదువుకున్నదంతా నమ్మే వయసు. తొలకరి పడిన నెలలో మీటింగు పెట్టి అందరి లెక్కలూ చూశారు. మా కొండ మీద అతనికిచ్చిన నాలుగు గూడేల్లో మూడేళ్ళుగా ఒక్క మలేరియా కేసు కూడా లేదని చూసి ఆవిడ మొహం వెలిగిపోయింది. "అందరూ ఈయన్ని చూసి నేర్చుకోండి. ప్రతి వారం ఇరవై స్లైడ్లు, ఒక్క పాజిటివ్ లేదు. ఇలా ఉండాలి పని అంటే" అన్నారు. చప్పట్లు కొట్టించారు. నేనూ కొట్టాను.

నా ఒళ్ళు మండిపోయింది. ఇరవై ఏళ్ళుగా కళ్ళు పొడుచుకుని పనిచేస్తున్న నన్ను ఎవరూ అలా అనలేదు. నోరు ఊరుకోలేదు.

"అవునండీ మేడమ్, ఆ గూడేలోళ్ళు అందరూ ఒక్క తల్లి బిడ్డలండి. నెత్తురు కూడా అచ్చం ఒక్కలాగే ఉంటాది. తుమ్ములు కూడా ఒక్కలాగే తుమ్ముతారేమో మరి, నేను సూడలేదు" అన్నాను.

అందరూ నవ్వారు. ఏదో కొండవాళ్ళ మీద వేళాకోళం అనుకున్నారు. డాక్టరమ్మ కూడా నవ్వారు. నవ్వనిది అతనొక్కడే. మొహం బూడిద రంగుకి తిరిగింది.

సాయంత్రం బస్సు స్టాపు దగ్గర నా పక్కన వచ్చి నిలబడ్డాడు.

"నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు."

"ఎన్నాళ్ళ నుంచి?"

"మూడేళ్ళు."

"మరి సెప్పలేదేటి బావా?"

బస్సు వచ్చింది, ఎక్కేశాను. అతనికి చెప్పని జవాబు మీకు చెప్తున్నాను. ఒక స్లైడు ఉన్నది ఉన్నట్టు చూడాలంటే ఐదారు నిమిషాలు పడుతుంది. వానాకాలంలో బల్ల మీద గుట్టలు పడి ఉండేవి. ఇతని పొట్లం విప్పితే ఒక్క స్లైడు చూస్తే చాలు, మిగతా పంతొమ్మిదీ అదే కాబట్టి ఇరవైకీ 'లేదు' అని రాసేసేవాణ్ణి. అలా వారానికి నాకు గంటన్నర మిగిలేది. అతను లారీ షెడ్డులో టీ తాగేవాడు. నేను ల్యాబులో తాగేవాణ్ణి. మా ఇద్దరిలో బద్ధకస్తుడని పేరు మాత్రం ఒకడికే వచ్చింది.

మీటింగు అయిన రెండో రోజున అతను నిజంగా కొండెక్కాడు. రెండు రోజులు కనిపించలేదు. మా సిస్టరు గారు, ఆవిడ మా అందరికీ పెద్ద, "ఎక్కడో పడి నిద్దరోతన్నాడు, నాకు తెల్దేటి ఆడి సంగతి" అన్నారు. మూడో రోజు మధ్యాహ్నం కుంటుకుంటూ వచ్చాడు. చెప్పులు తెగిపోయాయి. ప్యాంటు మోకాళ్ళ దాకా బురద. సరాసరి నా గదికి వచ్చి బల్ల మీద పొట్లం పెట్టాడు. ఇరవై కాదు, పద్నాలుగే స్లైడ్లు. బొట్లు అడ్డదిడ్డంగా ఉన్నాయి.

"నన్ను సూసి ఎవులూ దగ్గిరికి రాలేదు బావా. ఎవుడ్రా నువ్వు అన్నారు. మూడేళ్ళు ఈ గూడేలు నావే గదా, ఏటని సెప్పను? ఒక ముసలమ్మ అరుగు మీద కూకోమని అంబలి ఇచ్చింది. నాను తుమ్మితే నవ్వింది. నవ్వి, ఏలు సాపింది. ఆవిడ సాపినాక అందరూ సాపినారు. రెండు రాత్రులూ ఆళ్ళ అరుగు మీదే పడుకున్నాను. దోమలు పీకేసినాయి గానీ భలేగున్నాది బావా."

అతని మొహంలో అలాంటి వెలుగు నేను ముందెప్పుడూ చూడలేదు. ఆ పద్నాలుగూ ఒక్కొక్కటే చూశాను. పద్నాలుగు రకాల నెత్తురు. ముగ్గురికి ఫాల్సిపారం, అంటే ప్రాణాల మీదికి తెచ్చే రకం మలేరియా. చెప్పగానే మాత్రలు తీసుకుని మర్నాడు పొద్దున్నే మళ్ళీ ఎక్కాడు. నాకు నా మీద నాకే గొప్ప అనిపించింది. ఒక్క మాటతో మనిషిని మార్చాననుకున్నాను.

తర్వాత వానలు ముదిరాయి. గెడ్డలు, అంటే కొండ వాగులు, పొంగి కొండదారి కొన్నాళ్ళు మూతపడింది. రెండు వారాలు గడిచాయి. ఒక శుక్రవారం సాయంత్రం అతను ల్యాబుకి వచ్చి పొట్లం పెట్టాడు. నేను లెన్సులో తల పెట్టి ఉన్నాను.

"ఒంట్లో బాగోలేదు బావా. ఒళ్ళంతా సలుపు. ఇంటిదాన్ని పుట్టింటికి పంపినాను, వొండి పెట్టీవోళ్ళు లేరు. గదికెలిపోయి పడుకుంటాను" అన్నాడు.

ఒంట్లో బాగోలేదన్న మాట అతని నోట వందసార్లు విన్నాను. "సరే" అన్నాను. తల ఎత్తలేదు. అతని మొహం ఎలా ఉందో చూడలేదు. లెన్సులో కణాలు వెతికే పని నాది, ఎదురుగా నిలబడ్డ మనిషిని మాత్రం చూడలేకపోయాను.

శనివారం పొద్దున్న ఆ పొట్లం విప్పి రంగు వేశాను, అలవాటుగా పొట్లం మీద పెన్సిలుతో తేదీ వేశాను. ఇరవై స్లైడ్లు. మళ్ళీ ఒకే కొలతన బొట్లు. చూడగానే కోపం వచ్చింది. మళ్ళీ మొదలెట్టాడన్నమాట. మొదటి స్లైడు లెన్సు కింద పెట్టాను. నారింజ గింజల కణాలు, అతని నెత్తురే. వాటి మధ్య ఎర్రకణాల్లో సన్నటి ఉంగరాలు. ఒకటి కాదు రెండు కాదు, కన్ను పెట్టిన చోటల్లా ఉంగరాలు. రెండో స్లైడు తీశాను. అదే. ఇరవై స్లైడ్లూ తీశాను. ఫాల్సిపారం, బాగా ముదిరింది.

అప్పుడు నేనేం చేశానో చెప్పాలి. నవ్వాను. గదిలో ఒక్కణ్ణే కూర్చుని నవ్వాను. దొంగ ఇరవై పేర్లు రాసుకుని ఇరవైసార్లు దొరికిపోయాడనుకున్నాను. సోమవారం మీటింగులో డాక్టరమ్మ ముందు ఈ ఇరవై స్లైడ్లూ వరసగా పేర్చి, చప్పట్లు కొట్టినవాళ్ళందరికీ చూపించాలనుకున్నాను. అప్పటికి నా జేబులో సెల్‌ఫోను ఉంది. అతని నంబరు అందులో ఉంది. డాక్టరమ్మ పక్క గదిలోనే ఉన్నారు. పన్నెండున్నరకి నా బస్సు. మా ఊళ్ళో వరి నాట్లు, మేం ఉభాలు అంటాం, మొదలయ్యాయి. మా నాన్న ఎదురుచూస్తున్నాడు. ఫోను తీస్తే బస్సు పోతుంది. బస్సు సంగతి పక్కన పెడితే, సోమవారం చూపించబోయే తమాషా పోతుంది. పొట్లం సొరుగులో పెట్టి తాళం వేసి బస్సెక్కాను.

ఆ జబ్బు గురించి నాకు తెలియదా అంటే తెలుసు. అది మెదడుకి ఎక్కిందంటే గంటల మీద మనిషి పోతాడని కొత్తగా చేరినవాళ్ళకి పాఠం చెప్పేది నేనే. ఆదివారం మడిలో నిలబడి నారు అందిస్తుంటే ఒకటి రెండుసార్లు గుర్తొచ్చింది. మాత్రలు వాళ్ళ బ్యాగులోనే ఉంటాయి కదా, వేసుకునే ఉంటాడులే అనుకున్నాను. మలేరియా అని తనకే తెలియనివాడు ఏ మాత్ర వేసుకుంటాడు? ఆ ఆలోచనని అక్కడే ఆపేశాను.

సోమవారం పదిన్నరకి అందరూ కూర్చున్నారు. అతని కుర్చీ ఖాళీ.

"ఆడెప్పుడు టైముకొచ్చినాడు గనక? మొదలెట్టండి మేడమ్" అన్నారు సిస్టరు గారు. అందరూ నవ్వారు.

నా ఒళ్ళో పొట్లం ఉంది. లేచి నిలబడ్డాను. ఎన్నో మాటలు సిద్ధం చేసుకున్నాను. "మేడమ్, ఈ ఇరవై స్లైడ్లూ ఒకడివే" అన్నాను. తర్వాతి మాట "అందులో ఫాల్సిపారం". ఆ మాట నా నోట్లోంచి బయటికి వచ్చి, ఎదురుగా ఖాళీ కుర్చీ కనపడిన తర్వాత గానీ దాని అర్థం నాకు తలకెక్కలేదు. "అతనివే మేడమ్. అతని నెత్తురే. అతనికే జబ్బు" అన్నాను.

డాక్టరమ్మ ఒక్క ఉదుటున లేచారు. "ఎప్పుడు చూశారు మీరు?"

గదిలో అందరూ నా వైపు చూస్తున్నారు.

"ఇప్పుడే మేడమ్. ఇందాక పొద్దున్నే" అన్నాను.

జీపులో సాలూరు వెళ్ళాం. డాక్టరమ్మ, నేను, డ్రైవరు. గది తలుపు లోపల గడియ వేసి ఉంది. గది అద్దెకిచ్చిన ఇంటామె వరండాలో బియ్యం ఏరుతోంది.

"శనివారం నుంచి బయటికి రాలేదండి. నిన్న పిలిస్తే మూలిగినాడు. పడుకున్నాడనుకున్నాను. ఎప్పుడూ పడుకునీ మడిసే గదండీ" అంది.

తలుపు బద్దలుకొట్టాం. చాప మీద ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి, మమ్మల్ని చూడటం లేదు. పెదాలు పగిలిపోయాయి. రెండు చేతులతో గాలిలో ఏదో లాగుతున్నాడు. "లాగండి... లాగండి... వల బరువుగున్నాది" అంటున్నాడు. అతన్ని ఎత్తుకున్నప్పుడు నాకు చేతులు కాలిపోయినట్టు అనిపించింది. డాక్టరమ్మ అక్కడే సూది వేశారు. విజయనగరం పెద్దాసుపత్రికి చేరేదాకా అతని తల నా ఒళ్ళోనే ఉంది. దారి పొడుగునా వల లాగుతూనే ఉన్నాడు.

తొమ్మిది రోజులు తెలివి రాలేదు. అతని భార్య సముద్రం ఒడ్డున పుట్టింటి నుంచి పరుగెత్తుకొచ్చింది. ఎవరో ఆమెకి చెప్పారు, నేను కనిపెట్టానని. ఆస్పత్రి వరండాలో నా కాళ్ళ మీద పడింది. "నువ్వు సూసినావు గాబట్టి గానీ, లేపోతే నా మనిషి దక్కీవోడు కాదన్నియ్యా" అని ఏడ్చింది. ఆమెని లేవదీశాను. ఒక్క మాట చెప్పడానికి ఎన్నిసార్లు నోరు తెరిచానో. అన్నిసార్లూ మూసుకున్నాను.

పదో రోజు అతను నన్ను గుర్తుపట్టాడు. మాట ముద్దగా వచ్చింది. అడిగిన మొదటి మాట తన గురించి కాదు.

"కొండ మీద ఆ ముగ్గురికీ జొరం తగ్గినాదా బావా?"

తర్వాత చెప్పాడు. "ఆవేళ కాళ్ళు పడిపోయినట్టున్నాయి, ఎక్కలేకపోనాను. ఈ ఒక్కసారికీ అనుకుని మళ్ళీ నా ఏలే గుచ్చుకున్నాను. కోపం సేసుకోకు." ఒళ్ళు బాగోలేదని అతను శుక్రవారం చెప్పింది నిజం. మూడేళ్ళలో అతను చెప్పిన మొదటి నిజం అదేనేమో. నా చెవికి అది పాత పాటలా వినపడింది.

ఈలోగా డాక్టరమ్మ మా అందర్నీ నాలుగు గూడేలకీ తీసుకెళ్ళి ఇల్లిల్లూ నెత్తురు తీయించారు. అతను చెప్పిన ముసలమ్మ నన్ను పట్టుకుని, "ఆ తుమ్ములోడు రాలేదేటి?" అని అడిగింది. జ్వరమని చెప్పాను. "ఆ జొరమే. నా కోడలూ అలగే పోనాది, రెండేళ్ళయినాది. ఎవులొచ్చినారు సూడ్డానికి?" అంది. కోపంగా అనలేదు, వాన గురించి చెప్పినట్టు చెప్పింది. రెండేళ్ళ క్రితం రిజిస్టర్లో ఆ గూడెం ఎదురుగా నా చేతి రాతతో వారం వారం 'లేదు, లేదు' అని ఉంది. ఆ కోడలి పేరు అందులో ఉందా అని వెతకడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఈ రోజుకీ వెతకలేదు.

అతను బతికాడు. నడక మాత్రం తిన్నగా రాలేదు. చేతులకి వణుకు పట్టుకుంది. సూది పట్టలేడు, కొండెక్కలేడు. డాక్టరమ్మ అతని మీద రిపోర్టు రాయలేదు. "శిక్ష పడాల్సినదానికంటే ఎక్కువే పడింది" అన్నారు. ఆఫీసులో పాత కాగితాలు సర్దే పని ఇచ్చి కుర్చీలో కూర్చోబెట్టారు. "కోరుకున్న కుర్చీ దొరికినాది" అని కొంతమంది నవ్వుకునేవాళ్ళు. అతను కూడా వాళ్ళతో కలిసి నవ్వేవాడు. ఒక్కొక్క రోజు మాత్రం కిటికీలోంచి కొండ వైపు చూస్తూ ఉండిపోయేవాడు.

నాకు ఆ ఏడు జెండా పండగ రోజున ప్రశంసాపత్రం ఇచ్చారు. సకాలంలో జబ్బు కనిపెట్టి తోటి ఉద్యోగి ప్రాణం కాపాడినందుకని అందులో రాశారు. రిజిస్టర్లో ఆ ఇరవై స్లైడ్లకీ నేను సోమవారం తేదీ వేశాను. అతను మూడేళ్ళు దొంగ పేర్లు రాశాడు, అందరికీ తెలిసింది. నేను రాసిన దొంగ తేదీ ఎవరికీ తెలియలేదు అనుకున్నాను.

ఇద్దరం రిటైరయ్యాం. అతను వాళ్ళ ఊరు వెళ్ళిపోయాడు. ఏడాదికోసారి భార్యని వెంటబెట్టుకుని, బస్సులు మారి, మెత్తళ్ళనే ఎండు చేపల పొట్లం పట్టుకుని మా ఇంటికి వస్తాడు. వచ్చినప్పుడల్లా మా ఆవిడతో, మా పిల్లలతో, "ఈ పేణం బావదే" అంటాడు. పోయినసారి వచ్చినప్పుడు ఇక నావల్ల కాలేదు. ఆడవాళ్ళు లోపల ఉన్నారు. పెరట్లో ఇద్దరమే ఉన్నాం.

"నీకో మాట సెప్పాల. నీ స్లైడ్లు నేను సోమవారం సూడలేదు. శనివారం సూసినాను. తెలిసి కూడా బస్సెక్కి ఎలిపోనాను" అన్నాను.

అతను నా వైపు చూడలేదు. మెత్తళ్ళ పొట్లం మీద దారం ముడి విప్పుతున్నాడు. వేళ్ళు వణకడం వల్ల ముడి దొరకడం లేదు.

"నాకు తెల్సు బావా."

"ఎలగ?"

"కుర్చీలో కూకోబెట్టినారు గదా, ఏటి సేస్తాను? పాత పొట్లాలన్నీ సదివినాను. నా ఇరవై స్లైడ్ల పొట్లం మీద శనివారం తేదీ ఉన్నాది. నీ పెన్సిలే. తెలిసి పదేళ్ళు దాటినాది."

"మరి సెప్పలేదేటి?"

బస్సు స్టాపు దగ్గర అతను నన్ను అడిగిన మాటే అని నోట్లోంచి వచ్చాక గానీ తెలియలేదు.

"నా ఉజ్జోగం పోకూడదని నువ్వు మూడేళ్ళు కడుపులో దాసుకోలేదేటి? నానూ అలగే దాసుకున్నాను. బావా బావమర్దుల మధ్య లెక్కలేటి?" అన్నాడు. అని, పది తుమ్ములు తుమ్మి, కళ్ళు తుడుచుకుని నవ్వాడు. నేను పొట్లం అందుకుని ముడి విప్పాను. అప్పటికి అంతకంటే ఏమీ చెయ్యలేకపోయాను.

మేనకోడలా, నీ పక్క బల్ల ఆయన దగ్గరికి రేపు పొద్దున్నే వెళ్ళి మొహం మీదే అడుగు. పదిమందిలో కాదు, ఎత్తిపొడుస్తూ కాదు, ఒక్కడూ ఉన్నప్పుడు అడుగు. వినకపోతే పై వాళ్ళకి చెప్పు. అతనికి చెడ్డ అవుతావు, అవ్వు. అతని బద్ధకం వల్ల నీకేమైనా సుఖం దొరుకుతోందేమో అది కూడా చూసుకో. అతను ఒంట్లో బాగోలేదంటే మాత్రం, వందోసారి అన్నా సరే, తల ఎత్తి మొహం చూడు.

ఇది అచ్చయితే ఒక కాపీ సముద్రం ఒడ్డుకి, అతని ఊరికి పంపిస్తాను. అతనికి కళ్ళు మసక, వాళ్ళావిడ చదివి వినిపిస్తుంది. పెరట్లో చెప్పలేకపోయింది ఇక్కడ చెప్తున్నాను. బావా, మూడేళ్ళు నేను ఊరుకున్నది నీ ఉద్యోగం కోసం కాదు. ఇరవై చూడాల్సిన చోట ఒకటి చూస్తే నాకు సరిపోయేది, అందుకు ఊరుకున్నాను. ఇది విన్నాక కూడా మా ఇంటికి రావాలనిపిస్తే రా.